నేనైనా తినేదాన్నే

మా ఆయన రబ్బీ. మా ఊరు ఒల్షానిక్‌లో యూదులకు ఏ ధర్మసందేహం వచ్చినా మా గడపే ఎక్కాలి. కోడి కడుపులో మేకు దొరికింది, వండుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, ఆయన గడ్డం దువ్వుకుంటూ ఒక వైపు నుంచి చూస్తే వండుకోవచ్చంటారు, ఇంకో వైపు నుంచి చూస్తే కూడదంటారు. ఈలోగా కోడి కంపు కొడుతుంది. నాకు అంత ఓపిక లేదు. అందుకే ఆడవాళ్ళ సంగతులు ఆయన దాకా పోనివ్వకుండా వంటింట్లోనే నేను తేల్చేస్తాను. దబ్బపండు మొన సంగతి కూడా అలాగే తేలిపోవలసింది. పెష్కా తేలనివ్వలేదు.

పర్ణశాలల పండుగకు మా ఊరంతటికీ దబ్బపండు ఒక్కటే. సముద్రం అవతలి నుంచి నారపీచులో చుట్టుకొని, కొత్త పెళ్ళికూతురిలా పెట్టెలో దిగుతుంది. దాని కొసన చిన్న మొన ఉంటుంది. ఆ మొన విరిగిందా, పండు ప్రార్థనకు పనికిరాదు, ఊరికి పండుగ లేదు. కాబట్టి మందిరం పెద్ద కొప్పెల్ గారు ఆ పండుగ రోజుల్లో నిద్రాహారాలు మానేస్తారు. పొద్దున్నే ఇంటింటికీ తనే మోసుకెళ్ళి, ఆడవాళ్ళ చేతుల్లో పెట్టి, వాళ్ళు దీవెన చదివేంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆయనకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఏడాదికొకసారి ఈ పండు తప్ప.

పండుగ చివరి రోజు పొద్దున, మగవాళ్ళు మందిరంలో ఏటి ఒడ్డు నిరవంజి రెమ్మలు నేలకేసి కొట్టి ఇళ్ళకు వచ్చాక, పండు పని అయిపోతుంది. అప్పుడు దాని మొన కడుపుతో ఉన్న ఆడదానిది. పండు చేత పట్టుకొని, నేను చెబుతుంటే నా వెనకే చెప్పాలి. లోకాధిపతీ, మా అమ్మ హవ్వ ఏదెను తోటలో వద్దన్న పండు తిని మాకందరికీ పురిటి నొప్పులు తెచ్చిపెట్టింది, నేనే అక్కడ ఉంటే తినేదాన్ని కాదు, ముట్టేదాన్ని కాదు, ఇన్ని రోజులూ ఈ పండు చేతికి వచ్చినా కొరకలేదు చూశావుగా, కాబట్టి నాకు సుఖప్రసవం ప్రసాదించు అని. ఆ తరువాత మొన కొరికి ఉమ్మేయాలి. మా అమ్మ చెప్పింది, మా అమ్మమ్మ చెప్పింది, నా కాన్పులన్నిటికీ నేనూ చెప్పాను. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారే, అలాంటిది. ఎవరూ ఆగి అర్థం చూసుకోరు.

ఆ ఏడాది ఊళ్ళో కడుపుతో ఉన్నది రొట్టెలు కాల్చే జిందెల్ భార్య పెష్కా ఒక్కతే. మొదటి కాన్పులో ఆ పిల్ల చావు అంచు దాకా వెళ్ళి వచ్చింది. మంత్రసాని తైబె జిందెల్‌ను పక్కకు పిలిచి, తల్లి కావాలా బిడ్డ కావాలా అని అడిగినంత పని అయింది. ఎలాగో ఇద్దరూ దక్కారు. ఈసారి కడుపు కనబడిన నాటి నుంచి పెష్కా అందరి ముందూ నవ్వుతూనే ఉంది గానీ, మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ తెల్లారేస్తోందని జిందెల్ నాతో చెప్పాడు. అందుకని ఆ పొద్దున నేను మామూలు కన్నా గట్టిగా, మామూలు కన్నా శ్రద్ధగా మొదలుపెట్టాను. మా వంటింటి నిండా ఆడవాళ్ళు. కొప్పెల్ గారు పెట్టె చంకన పెట్టుకొని వాకిలి బయట నిలబడ్డారు. ఆడవాళ్ళ మాటలు మగవాడు వినకూడదు కనుక, వినబడనట్టు మొహం పెట్టి అంతా వింటున్నారు.

"నేనే అక్కడ ఉంటే తినేదాన్ని కాదు," అన్నాను.

పెష్కా నోరు మూసుకుంది.

"వినబడలేదా? తినేదాన్ని కాదు."

"వినబడింది అమ్మగారూ. ఆ ఒక్కటీ వదిలేసి మిగతాది చెప్తా."

"వదిలెయ్యడానికి ఇదేమన్నా చేపలో ముల్లా? చెప్పు."

"తినేదాన్నే అమ్మగారూ," అంది పెష్కా, పండు వంకే చూస్తూ. "ఎన్నిసార్లు ఆలోచించినా తినేదాన్నే."

ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు గిల్లుకున్నారు. తైబె ముందుకొచ్చింది. "ఏమే, మతి ఉండే మాట్లాడుతున్నావా? నిండు చూలాలివి. ఈ రోజేం రోజు? పైన దేవుడు ఏడాది తీర్పుల మీద ముద్ర వేసే రోజు. ఈ రోజా ఆ మాట?"

"ఈ రోజు కాబట్టే పిన్నీ. పోయినసారి చెప్పాను కదా. మీ అందరి ముందూ, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తినేదాన్ని కాదు, ముట్టేదాన్ని కాదు అని. చెప్తుంటేనే లోపల తెలుస్తోంది, అబద్ధమని. తర్వాత నా గతేమైందో నువ్వే చూశావు. ఆయన విన్నాడు పిన్నీ. ముద్ర చేత్తో పట్టుకుని కూర్చున్నవాడి మొహాన మళ్ళీ అదే అబద్ధం కొట్టమంటావా?"

నేను తైబెను అడిగాను, "సరే, నువ్వయితే తినేదానివా?"

"నన్నెందుకు లాగుతావు తల్లీ? నాకు పళ్ళే లేవు," అంది తైబె.

"ఏం పండో చూడాలి కదా ముందు," అంది వెనకనుంచి ఎవరో. నవ్వు మొదలైంది. కల్లు దుకాణం ఆవిడ, తనకు పుల్లటివి పడవు కాబట్టి మామూలుగా అయితే తినేది కాదనీ, కానీ పక్కింటావిడ తింటే మాత్రం ఊరుకునేది కాదనీ చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఇన్నేళ్ళుగా ఇంతమంది చేత ఈ మాట పలికించానే, ఒక్కదాన్నైనా నిజమేనా అని అడగలేదే అనుకున్నాను. నన్నూ ఎవరూ అడగలేదు.

నవ్వు వినేసరికి కొప్పెల్ గారికి వినబడనట్టు నటించడం కష్టమైపోయింది. లోపలికి వచ్చి పెష్కా చేతిలోంచి పండు తీసుకొని, పెట్టెలో పెట్టి, మూత వేశారు.

"దేవుడి మాట కాదనేవాళ్ళకు ఊరి పండు ఇవ్వడానికి లేదు," అన్నారు. "మాట చెప్తే మొన. చెప్పకపోతే లేదు."

అప్పుడు చూశాను పెష్కా మొహం. నవ్వు ఎటుపోయిందో పోయింది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"అలా అనకండి బాబాయ్. మొన లేకుండా పంపకండి. నాకు భయంగా ఉంది."

"అయితే చెప్పు."

"చెప్పాలన్నా భయమే."

మింగలేక కక్కలేక ఆ పిల్ల అలా నిలబడిపోయింది. పండు నా చేతిలో ఉండి ఉంటే అక్కడికక్కడ తేల్చేసేదాన్ని. పెట్టె కొప్పెల్ గారి చంకలో ఉంది. ఇక చేసేది లేక, పెరట్లో పండుగకు వేసిన పర్ణశాల వైపు నడిచాను. నా వెనక పెష్కా, పెష్కా వెనక ఊళ్ళో ఆడవాళ్ళు, అందరి వెనక పెట్టెతో కొప్పెల్ గారు. దడి అవతల భార్య కోసం ఎదురుచూస్తున్న జిందెల్ కూడా, ఏదో గొడవ జరుగుతోందని దడి మీదకు వంగాడు.

మా ఆయన దేవదారు కొమ్మల కప్పు కింద కూర్చొని పులుసులో మాంసం కుడుములు తింటున్నారు. ఏడాదంతా ఆ కుడుముల కోసం ఎదురుచూస్తారు. నేను జరిగింది చెప్పాను. ఆయన గిన్నె వదలకుండానే పెష్కాను కూర్చోమన్నారు.

"ఎందుకమ్మా తింటానంటున్నావు?"

"రబ్బీ గారూ, నాకు చదువు లేదు. ఏటేటా మందిరంలో మీరు ఆ కథ చదువుతుంటే పైన ఆడవాళ్ళ వసారాలోంచి వింటా. అంతే. తినొద్దని దేవుడు ఎవరితో చెప్పాడు?"

"ఆదాముతో."

"అప్పటికి హవ్వ ఉందా?"

"లేదు. ఆ తర్వాతే ఆమెను చేశాడు."

"అంటే ఆ మాట ఆవిడకు మొగుడి నోటి మీదుగా వచ్చింది," అంది పెష్కా. ఆడవాళ్ళందరూ దడి వైపు చూశారు. "పోయిన వేసవిలో మీరు మా ఆయనతో, శుక్రవారం రొట్టెలు పెందలాడే పంపమని చెప్పారా? ఇంటికొచ్చి ఏం చెప్పాడు? రబ్బీ గారికి శుక్రవారం రొట్టెలొద్దట అన్నాడు."

"అది ఒక్కసారే," అన్నాడు జిందెల్ దడి మీదనుంచి.

"పోయిన కాన్పుకు నన్ను వెంటనే రమ్మని ఇది కబురు పంపితే, తెల్లారాక రమ్మందని చెప్పావు, మర్చిపోయావా నాయనా?" అంది తైబె. జిందెల్ తల వెనక్కి తీసుకున్నాడు.

పెష్కాకు ధైర్యం వచ్చింది. "ఆయన ఆదాముతో తినొద్దనే అన్నాడు కదా. మరి హవ్వ పాముతో, తినకూడదు, ముట్టకూడదు అందే? ఆ ముట్టకూడదు ఎక్కడినుంచి వచ్చింది? మొగుడే కలిపి ఉంటాడు. పాపం, ఆ తోటలో ఆవిడతో నేరుగా వచ్చి మాట్లాడింది పామొక్కటే రబ్బీ గారూ. నేనైనా వినేదాన్నే."

"ఎవరి నోటి మీదుగా వస్తేనేం?" అన్నారు కొప్పెల్ గారు. "వద్దన్నది దేవుడు. ఎందుకని అడగడానికి మనమెవరం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"అంత వద్దనుకుంటే తోట నడిమధ్య నాటడం ఎందుకు బాబాయ్? మావాడికి అందకూడదనుకున్నవి నేను అటక మీద పెడతా."

"అన్నీ అటక మీదే పెడితే వాడు పెద్దవాడయ్యేదెలా?" అన్నారు మా ఆయన, కుడుము నములుతూ. "అందేచోట పెట్టి వద్దంటేనే కదా వాడి బుద్ధి వాడిదయ్యేది. కట్టేసిన మేక పొరుగువాడి చేలో పడదు. అంతమాత్రాన దాన్ని మంచి మేక అంటామా?"

పెష్కా ఆలోచించింది. "అది నిజమే," అంది. ఆ పిల్లలో నాకు నచ్చేది అదే, ఎదుటివాళ్ళది నిజమైతే ఒప్పుకోవడానికి నామోషీ పడదు. "మొన్న కొత్త సంవత్సరానికి తేనె కుండ బల్ల మీదే ఉంచి, ముట్టొద్దురా అని చెప్పి పాలకెళ్ళా. వచ్చేసరికి వాడి గడ్డం దాకా తేనె. ఎవర్రా తిన్నది అంటే పిల్లి అన్నాడు."

"కొట్టావా?"

"ఒకటి వేశా."

"తిన్నందుకా?"

"తిన్నందుకెందుకు, తేనె ఉన్నది తినడానికే కదా. పిల్లి అన్నందుకు. ఆ పిల్లి మొహం చూడాల్సింది మీరు."

మా ఆయన గిన్నె కింద పెట్టారు. కుడుములుండగా ఆయన గిన్నె కింద పెట్టడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

"వాళ్ళు తిన్నాక దేవుడు తోటలోకి వచ్చి మొట్టమొదట అడిగింది, తిన్నావా అని కాదు," అన్నారు నెమ్మదిగా. "ఆదామూ, ఎక్కడున్నావు అని. తెలియక అడిగాడా? ఇదిగో ఇక్కడున్నా, తిన్నాను అని వాడే బయటికి వస్తాడేమోనని అడిగాడు. వాడు పెళ్ళాన్ని చూపించాడు. పెళ్ళాం పామును చూపించింది. ఇద్దరూ పిల్లినే చూపించారు." ఆయన గడ్డం మీదికి చేయి వెళ్ళింది. "ఒక వైపు నుంచి చూస్తే కొప్పెల్ గారు అన్నట్టు, వద్దన్నది వద్దే. ఇంకో వైపు నుంచి చూస్తే..."

"ఏవండీ, పిల్ల నిండు చూలాలు," అన్నాను. "ఏదో ఒక వైపు నిలబడండి."

ఆయన నా వైపు కాస్త కోపంగా చూసి, పెష్కా వైపు తిరిగారు. "తినేదాన్నే అనడం పెద్ద గొప్పేం కాదమ్మా. అది నీ కొడుకూ చేశాడు. తిన్నాక ఏం చేసేదానివి? అది చెప్పు."

ఈ ప్రశ్న వస్తుందని పెష్కా అనుకోలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. కొప్పెల్ గారు కూడా మెడ ముందుకు చాచి వింటున్నారు.

"దాక్కునేదాన్ని కాదు," అంది చివరికి. "పిలిస్తే పలికేదాన్ని."

"అబద్ధం కాదు కదా ఇది?"

"కాదు రబ్బీ గారూ. ఇది కాదని నాకు తెలుసు."

"అయితే అదే చెప్పు. కొప్పెల్ గారూ, పండు ఇవ్వండి."

కొప్పెల్ గారు పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నారు. "రబ్బీ గారూ, ఇది ధిక్కారం. ఈవిడను చూసి రేపు ఊరంతా తింటామంటుంది."

"ఇన్ని రోజులూ పొద్దున్నే ఈ పండు ఈవిడ చేతిలో పెట్టారు కదా. మొన ఉందా?"

"ఉంది."

"మీరు తల తిప్పినప్పుడు కూడా కొరకలేదన్నమాట."

"నేను తల తిప్పను."

"ఒకసారి తుమ్మారు," అంది పెష్కా. "అప్పుడూ కొరకలేదు బాబాయ్. మీరు నా మొహం చూసి చెప్పారు, ఇది ఊరందరిదీ, జాగ్రత్తమ్మా అని. నేరుగా చెప్తే నేనెందుకు కొరుకుతా?"

కొప్పెల్ గారు మూత తీశారు. పండు తనే తీసి, ఆమె చేతిలో పెట్టి, అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టారు.

పెష్కా కళ్ళు మూసుకుంది. నేను ముందు చెప్పలేదు. ఆ మాటలు నాకు రావు కదా.

"లోకాధిపతీ," అంది పెష్కా. "మా అమ్మ హవ్వ తింది. నేనైనా తినేదాన్నే. కానీ చెట్టు చాటున దాక్కునేదాన్ని కాదు. ఎక్కడున్నావు అని నువ్వు పిలిస్తే ఇక్కడున్నానని పలికేదాన్ని. ఇప్పుడు నా వంతు వస్తోంది. నొప్పులు తగ్గించమని అడగను, అడిగినా పోయినసారి తగ్గించలేదు. నేను పిలుస్తా. ఎక్కడున్నావు అని అరుస్తా. నువ్వు మాత్రం దాక్కోకు."

ఎవరూ ఆమెన్ అనడానికి ధైర్యం చేయలేదు. మా ఆయన అన్నారు. ఆ తరువాత అందరూ అన్నారు. పెష్కా మొన కొరికింది, మొహమంతా వంకర్లు పోయింది, దేవదారు ఆకుల మీద ఉమ్మేసింది.

"ఇంత చేదా?" అంది. "దీని కోసమా అంత తోట పోగొట్టుకున్నది?"

కాన్పు మంచు బాగా పడుతున్న ఒక మధ్యాహ్నం వచ్చింది. సుఖప్రసవం అని నేను చెప్పను, చెబితే నా నోటికే అబద్ధం అంటుకుంటుంది. కష్టపడింది, ఏ ఆడదైనా పడినంతా పడింది. అయితే పోయినసారిలా నీరసించి చల్లబడిపోలేదు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఎక్కడున్నావు, నువ్వు ఎక్కడున్నావు అని పైకప్పు కేసి చూస్తూ అరిచింది. దేవుడితో ఆ గొంతేమిటే అని తైబె కసిరింది. ఆ పిల్ల తైబెను కూడా కసిరింది. నేను ఆమె చేయి పట్టుకొని కూర్చున్నాను. నాకూ భయం వేసింది. రేపు ఏదైనా జరిగితే ఊరంతా నా వంటింటినే అంటుందని కాదు, ఆ పిల్ల లేకపోతే నాకు తోచదని. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. తైబె తన జీవితంలో ఇంత అల్లరి కాన్పు చేయలేదంది, ఇంత భయపడని కాన్పు కూడా.

"పలికాడా?" అని అడిగాను, పెష్కా నుదురు తుడుస్తూ.

"ఇంత అరుపు అరిస్తే ఎవరైనా పలక్కుండా ఉండగలరా అమ్మగారూ?" అంది, కళ్ళు తెరవకుండానే.

ఆ వారం జిందెల్ మందిరంలో బిడ్డకు పేరు పెట్టాడు. ఇంటికొచ్చేదాకా ఏ పేరు చెప్పాడోనని పెష్కాకు గుబులుగానే ఉంది గానీ, మొత్తానికి సరిగ్గానే చెప్పాడు. మర్నాడు నేను పెష్కాకు పులుసు తీసుకెళ్ళి కూర్చున్నానో లేదో, కొప్పెల్ గారు వచ్చారు. బాలింతకు మంచిదని ఆ పండుగ దబ్బపండుతోనే చేసిన తీపి పచ్చడి సీసా ఒకటి బల్ల మీద పెట్టారు. టోపీ తీయాలా వద్దా అన్నట్టు కాసేపు తచ్చాడారు. మనసులో ఏదో పెట్టుకొని వచ్చారని నాకు అప్పుడే తెలిసింది.

"ఒక మాటమ్మా," అన్నారు. "మనవాళ్ళు ఇంట్లో పోయినవాళ్ళ పేరే పెడతారు. నిన్న మీ ఆయన హవ్వ అన్నాడు, నేను అలాగే చదివాను. ఇంటికెళ్ళాక కూర్చుని ఆలోచించా. మీ అమ్మమ్మ దోబ్రా. జిందెల్ నాయనమ్మ రైసా. అటువైపూ ఇటువైపూ మీ ఇంట్లో పోయినవాళ్ళలో హవ్వ ఎవరూ లేరే?"

"ఉంది బాబాయ్. ఆదాము గారి భార్య."

కొప్పెల్ గారు నోరు తెరిచారు.

"ఊళ్ళో హవ్వలు చాలామందే ఉన్నారు, కాదనను," అంది పెష్కా, బిడ్డను ఇటు పక్కకు మార్చుకుంటూ. "కానీ అందరూ వాళ్ళ వాళ్ళ నాయనమ్మల కోసం పెట్టుకున్న పేర్లే. ఆవిడ కోసమని ఎవరు పెట్టారు? తలుచుకుంటే తిట్టడానికే తలుచుకుంటాం. పోయి ఎంతకాలమైందో, పాపం. నాకూ అవ్వే కదా ఆవిడ. మీకూ అవ్వే."

కొప్పెల్ గారికి నా అన్నవాళ్ళెవరూ లేరని ముందే చెప్పాను. బల్ల దగ్గరి పీట లాక్కొని కూర్చొని, బిడ్డను కాస్త ఎత్తుకోవచ్చా అని అడిగారు. పెష్కా ఇచ్చింది. ఆయన రెండు అరచేతులూ దోసిలిలా పట్టి అందుకున్నారు.